బొమ్మల ఇంట్లో మస్కటమ్మ

నా కూతురు నన్ను ‘మస్కటమ్మా’ అని పిలిచేది. తప్పు దానిది కాదు. ఎనభైల చివర్లో తొమ్మిది నెలల పిల్లను మా అక్క చేతిలో పెట్టి ఇక్కడికి, మస్కట్‌కి వచ్చేశాను. మా ఆయనకు ఆస్పత్రి ల్యాబులో షిఫ్టులు, నాకు ఒక వ్యాపారి ఇంట్లోనే ఉండి రోగిని చూసుకునే డ్యూటీ. ఇక పిల్లను చూసేదెవరు? అది నన్ను మరిచిపోకూడదని అక్క రోజూ నా ఫొటో చూపించి, “ఇదిగో, మస్కట్ అమ్మ” అని నేర్పింది. పాపం, మంచికే చేసింది. పిల్ల ప్రార్థనలో మస్కట్ అమ్మను కాపాడమని దేవుణ్ణి అడిగి, ఉత్త అమ్మ పక్కలో పడుకునేది. ఆ ఉత్త అమ్మ మా అక్క.

అది ఒకటో తరగతి పూర్తి చేసిన వేసవిలో విజిట్ వీసా మీద రప్పించుకున్నాం. ఇక్కడే ఉంటానని ఒక్క మాట అంటే చాలు, ఇండియన్ స్కూల్లో వేసేద్దామని మా ఆశ. సెలవులు సగం అయిపోయాయి గానీ ఆ మాట రాలేదు. పెట్టింది తినేది, చుట్టాలింటికొచ్చిన పిల్లలాగా థ్యాంక్స్ చెప్పేది. “థ్యాంక్సేంటే నీ మొహం, నేనేమన్నా పక్కింటిదాన్నా!” అని ఒకరోజు అరిచాను కూడా. అది బెదిరిపోయి, వద్దన్న ఇడ్లీ కూడా తినేసింది. 

అప్పుడే నేను పనిచేసిన ఆ వ్యాపారి ఇంటి సంగతి తెలిసింది. పాత మస్కట్‌లో, సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. అక్కడ పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దావిడకు నేను నర్సుని. ఆవిడ భర్త ఫ్రాన్సు వెళ్లినప్పుడల్లా ఇంప్రెషనిస్టు చిత్రకారుల బొమ్మలు కొని తెచ్చి గోడల నిండా పెట్టాడు. ఆవిడ పోయాక కొడుకులు కొత్త ఇళ్లకు మారి, పాత ఇంటిని మ్యూజియం చేశారట. దాని దగ్గర లేనప్పుడు నేను ఎక్కడున్నానో పిల్లకు చూపించాలనిపించింది. చూస్తే నా మీద కొంచెం జాలైనా పుడుతుందేమో అనుకున్నాను. అవును, జాలికే కక్కుర్తి పడ్డాను.

గురువారం మా ఆయనకు డ్యూటీ ఉంటే మేమిద్దరమే వెళ్లాం. నా కాళ్లు వాటంతటవే వంటింటి గుమ్మం వైపు నడిచాయి. నర్సులం, పనివాళ్లం అటునుంచే వెళ్లేవాళ్లం. అక్కడ తాళం వేసి ఉంది. పాత బలూచీ వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి నవ్వాడు. “సిస్టర్, అబ్ సామ్నే సే ఆవో. అబ్ ఆప్ మెహమాన్ హో!” ఇప్పుడు నేను అతిథినట, ముందు గుమ్మంలోంచి రావాలట. బాగానే ఉంది మర్యాద.

హాల్లో పెద్ద బొమ్మ ఒకటుంది. నది ఒడ్డున బట్టలారేస్తున్న తల్లి, పక్కన ఎర్ర టోపీ పిల్ల. నా కూతురు దానికి ముక్కు ఆనించినంత పని చేసింది.

“మస్కటమ్మా, ఈవిడకి మొహం లేదేంటి? అన్నీ రంగు మరకలే!”

“అంత దగ్గరికెళ్తే ఎలా కనబడుతుందే? వెనక్కి రా.”

అది వెనక్కి అడుగులేసింది. ఒక్కసారి చప్పట్లు కొట్టింది. “వచ్చేసింది! పిల్లని చూసి నవ్వుతుంది కూడా!” అని నా చెయ్యి పట్టుకుని లాగింది. దానంతట అది నా చెయ్యి పట్టుకుంది! ప్రభువా, పిల్ల నాకు దక్కింది అనుకున్నాను. “ఉండు, ఇంకా దూరం నుంచి చూస్తా” అంటూ వెనక్కి వెనక్కి నడిచి పక్క గదుల్లోకి వెళ్లింది. వెళ్లనీలే అని నేను వాచ్‌మన్‌తో పెద్దావిడ చివరి రోజుల గురించి మాట్లాడుతూ నిలబడ్డాను.

“అమ్మా!”

లోపలినుంచి కేక. మస్కటమ్మా కాదు, అమ్మా! గుండె గుభేలుమంది, ఆ గుభేల్లోనే సంతోషం కూడా, ఏం చెప్పను. చెప్పులు జారిపోతున్నా పరిగెత్తాను. అది పెద్దావిడ పడగ్గదిలో ఉంది. వచ్చిన కొత్తలో ఆ గది బాత్‌రూంలోనే, రొమ్ముల్లో పాలు గడ్డకట్టి జ్వరం వస్తే, ఆ పాలు పిండి పారబోసుకుంటూ ఏడ్చేదాన్ని. ఇప్పుడు మంచం లేదు, గోడలకు తోటల బొమ్మలు. గదికి మూడు గుమ్మాలు. ఎటునుంచి వచ్చిందో తెలియక పిల్ల మధ్యలో బిక్కచచ్చి నిలబడింది.

“వచ్చేశానమ్మా, వచ్చేశాను” అని మోకాళ్ల మీద కూలబడి చేతులు చాపాను.

అది నన్ను చూసింది. తర్వాత నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

“అమ్మ కావాలి” అని వెక్కింది.

“నేనే కదే అమ్మని!”

“నువ్వు మస్కటమ్మవి. నాకు అమ్మ కావాలి.”

అది మొండితనంతో అన్న మాట కాదు. తెలియనిదానికి చెప్పినట్టు నాకు చెప్పింది. అక్కడే ఏడ్చేశాను. సిగ్గుపడలేదు.

తిరుగు టాక్సీలో అది కిటికీకి అతుక్కుని ఎక్కిళ్లు పెడుతోంది. ఎవరినైనా తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టను? మత్రా బజారు దాటాక అన్నాను: “స్కూలు తెరవకముందే పంపించేస్తాంలే. అమ్మ దగ్గరికి.” మా అక్కను అమ్మ అని దానితో అనడం నాకు అదే మొదలు.

“నిజంగానా?”

“నిజంగానే.”

అది మెల్లగా జరిగి జరిగి వచ్చి, నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది. హమ్రియాలో మా బిల్డింగు ముందు టాక్సీ ఆగింది. దిగితే లేస్తుంది. ఇంకో చుట్టు తిప్పమన్నాను డ్రైవరుని.