మూడు రోజులు విప్పకూడని కట్టు

రేకు సంచీ చింపి జెల్ బిళ్లను బయటికి తీస్తే గ్లౌజు వేసుకున్నా చల్లదనం వేళ్లకు తెలుస్తుంది. ఒలిచిన తాటి ముంజలా జారుతుంది. భద్రాచలం అడవి అంచునున్న మా ఆసుపత్రి డ్రెస్సింగ్ గదిలో ఈ ఉదయం అది చేతిలో జారగానే జమీలా సిస్టర్ గుర్తొచ్చింది. ఆమె ఈ గదికి ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు నేను కొత్తగా చేరిన నర్సును. వాళ్లది ఖమ్మంలో తరతరాలుగా దర్జీ పని చేసే కుటుంబం. కట్టు చివర మడిచి అంటించే తీరులో ఆ పనితనం కనబడేది. నేనేమో బొగ్గుగని కార్మికుడి కూతురిని. నాన్న షిఫ్టు దిగి వచ్చేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడేది. ఆ గాబరా నాకు పాలతోనే వచ్చింది. తాళం వేసి నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వెళ్లి లాగి చూసే మనిషిని.

ఆ రోజుల్లో మా దగ్గర చేరిన లక్ష్మయ్య అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల్లో గెలలు కోసేవాడు. షుగరు వల్ల అరికాలు మొద్దుబారి, ముల్లు దిగిన సంగతే ఆయనకు తెలియలేదు. చిటికెన వేలి పక్కన పుండు లోతుగా పోయింది. మానకపోతే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరు గారు చెప్పారు. అప్పుడే కొత్తగా వచ్చిన ఈ జెల్ బిళ్లలు మా దగ్గర రెండే ఉన్నాయి. వాటిలో కంటికి కనబడనంత సన్నటి వెండి నలుసులు ఉంటాయి. పుండులోని తడిని పీల్చుకుంటూ జెల్ ఆ వెండిని కొద్దికొద్దిగా వదులుతుంది. ఒక్కసారిగా వదిలితే క్రిములతోపాటు కొత్త కండ కూడా దెబ్బతింటుంది. అందుకే మూడు రోజులు విప్పకూడదు. జమీలా సిస్టర్ కట్టు కట్టి, కట్టు బయట చర్మం ఎర్రబడినంత మేరా పెన్నుతో గీత గీసింది.

"ఎర్రదనం ఈ గీత దాటినా, జరమొచ్చినా, వాసనొచ్చినా అప్పుడే విప్పాలె. గవేం లేకుంటే చెయ్యి పెట్టొద్దు" అంది.

మా వైపు చూడవచ్చిన చుట్టాలకు కట్టు విప్పి పుండు చూస్తేగానీ పరామర్శ పూర్తికాదు. రెండో రోజు వచ్చినవాళ్లు లోపల కుళ్లుతుందేమోనని తలా ఒక మాట అనిపోయారు. లక్ష్మయ్య భార్య సీతమ్మ నా వెంటపడింది.

"ఒక్కసారి విప్పి సూపియ్యి బిడ్డా. లోపలేమైతుందో ఏమో, నాకు పానం ఆగుతలేదు."

నాకూ ఆగడం లేదు. ఎరుపు గీత దాటలేదు, జ్వరం లేదు, వాసన లేదు. అయినా విప్పాను. జెల్ అంచు ఆరి అతుక్కుపోయింది. సెలైన్‌తో తడపాలన్న ఆలోచన కూడా రాలేదు, లాగేశాను. అప్పుడప్పుడే వస్తున్న లేత కండ దాంతోపాటు లేచి వచ్చింది, నెత్తురు కారింది. జమీలా సిస్టర్ వచ్చేసరికి అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాను.

"కట్టు దానంతటదే జారింది సిస్టర్."

"నేను కట్టిన కట్టు జారదు పిల్లా. ఎందుకు విప్పినవ్? ఆయన కాలు కోసమా, నీ భయం కోసమా?"

ఆమె తిట్టలేదు. జరిగింది జరిగినట్టు కేసు షీటులో నాతోనే రాయించింది, సీతమ్మకూ నాతోనే చెప్పించింది. ఆ అవమానంలో ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఆమె మాత్రం మిగిలిన బిళ్ల వేసి, కట్టు కట్టి, కొత్త గీత గీసింది.

మర్నాడు మధ్యాహ్నం ఎరుపు ఆ గీతను వేలెడంత దాటింది. ఈసారి విప్పడానికే నాకు భయం. "ఇంకా మూడు రోజులు కాలేదు కదా సిస్టర్" అని నసిగాను.

"అవ్, కాలే. కత్తెర ఇటియ్యి, జల్దీ!" అంటూనే ఆమె డాక్టరు గారికి కబురు పంపింది.

సాయంత్రానికి చిటికెన వేలు తీసేశారు. పాదం నిలిచింది. కొన్ని వారాలకు లక్ష్మయ్య తన కాళ్ల మీదే నడిచి ఇంటికి వెళ్లాడు. వెళ్లేముందు సీతమ్మ నాకు దండం పెట్టింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

వాళ్లు వెళ్లాక ఉండబట్టలేక అడిగాను. "నేను విప్పకపోతే ఆ వేలు ఉండేదా సిస్టర్?"

ఆమె చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఉండునేమో. ఉండకపోవునేమో. నాకు తెల్వదు పిల్లా" అంది.

నీ తప్పేం లేదులే అంటుందని ఎంత ఆశపడ్డానో! ఆ మాట అని ఉంటే ఆ రోజే మరచిపోయి హాయిగా ఉండేదాన్ని. ఆమె పోయి రెండేళ్లయింది. మళ్లీ అడగడానికి కూడా ఎవరూ లేరు. ఈ చేతుల మీదుగా ఎందరి కాళ్లో మానాయి, ఎవరివెవరివో గుర్తు లేదు. లక్ష్మయ్య ఆ వేలు లేకుండానే నడవడం నేర్చుకున్నాడు. నా దగ్గర మాత్రం అది ఉండిపోయింది.