మల్లమ్మకు చెప్పని వాక్యం

తొమ్మిదేళ్లుగా ఒక వాక్యం మోస్తున్నాను. చట్టం పుస్తకంలోది. చదివింది నేను. అవసరం మల్లమ్మకు. ఆమెకు చెప్పలేదు.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాను. పదో తరగతితో చదువు ఆగింది. మిగతాదంతా సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నాను. పేపర్లో ఏ తీర్పు వచ్చినా అక్కడివాళ్లు నన్నే అడిగేవారు. నేను రాగానే జడ్జి సాబ్ వచ్చిండు, జరగండని వెక్కిరించేవారు కూడా. ఆ వెక్కిరింత నాకు తియ్యగా ఉండేది. జడ్జి రాసి ఉన్నది చదవాలి, జాలిపడకూడదు అని గట్టిగా వాదించేవాణ్ని.

మల్లమ్మది వేములపల్లి దగ్గర ఊరు. గొర్రెలు కాసే కుటుంబం. ఎకరం మెట్ట చెలక మీద దాయాదులైన పాలివాళ్లతో కేసు నడిచి, కింది కోర్టులో ఓడిపోయింది. అప్పీలుకు గడువు ముప్పై రోజులు. ఆ రోజులన్నీ ఆమె సూర్యాపేట దవాఖానలో భర్త మంచం పక్కనే గడిపింది. వకీలు దగ్గరికి పోతూ, ముందు నన్నొక మాట అడుగుదామని వచ్చింది. అప్పటికే గడువు దాటి పన్నెండు రోజులు. ముప్పై అంటే ముప్పయ్యే, కారణాలు వినడం జడ్జి పని కాదు, ఊరికే తిరగకు అని చెప్పి పంపేశాను.

నాలుగు రోజుల తర్వాత అదే పుస్తకంలో, నేను చదవడం ఆపిన చోటికి కొంచెం కింద కనబడింది. ఆలస్యానికి తగిన కారణం ఉందని కోర్టు నమ్మితే, గడువు దాటిన అప్పీలునైనా తీసుకోవచ్చు. ఏది తగిన కారణమో అక్కడ రాయలేదు. ఎవరి బతుకులో ఏ కష్టం వస్తుందో చట్టం రాసినవాళ్లకు ముందే తెలియదు కనుక, ఆ రెండు మాటల్లో ఒక మనిషి గోడు పట్టేంత చోటు ఉంచి, విని తేల్చమని జడ్జికి అప్పగించారు. వినడం ఆయన పనే. నేను వినకుండానే తీర్పు చెప్పేశాను.

అప్పుడైనా బస్సెక్కితే అరగంట. ఎందుకు పోలేదు? జడ్జి సాబ్ తప్పు చెప్పాడని గ్రంథాలయంలో తెలుస్తుందని. అంతే. రేపు పోదాం అనుకున్నాను. మిల్లుకు వడ్లు వచ్చే కాలం, తీరిక లేదని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. ఈలోగా పాలివాళ్లు చెలక దున్నేశారు. మందను నిలపడానికి జాగా లేక మల్లమ్మ వాళ్లు గొర్రెలు అమ్ముకున్నారు.

పోయిన ఏడాది కోదాడ బస్టాండులో కనబడింది. భర్త చనిపోయాడట. అక్కడే ఒక హోటల్లో గిన్నెలు తోముతోంది. తనే పలకరించింది.

"మంచిగున్నవా అన్నా?"

"ఉన్న. మల్లమ్మా, ఆ చెలక సంగతి... అప్పుడు నేను..."

"ఇగ అదెందుకులే. నువ్వైతే ఉన్నమాట చెప్పినవ్. వేరేటోళ్లైతే ఆశ పెట్టి తిప్పుకుందురు. మా ఆయన పోయేదాక గదే అన్నడు, గుమాస్తా సదువుకున్నోడు, మనల్ని మోసం చెయ్యలే అని."

బస్సు వచ్చింది. జల్ది ఎక్కు, సీటు దొరకదని ఆమే తొందరపెట్టింది. ఎక్కాను.

అప్పీలు వేసినా ఓడిపోయేదేమో అని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కావచ్చు. కానీ ఆ మాట చెప్పాల్సిన జడ్జి ముందు ఆమెను నిలబడనివ్వలేదు కదా? క్షమించమని అడగడానికి కూడా నాకు హక్కు లేదు. ఏం క్షమించాలో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

మీకు చెబుతున్నాను. గడువు దాటినా మల్లమ్మ కోర్టుకు పోగలిగేది. ఆ సంగతి నాకు నాలుగు రోజుల్లోనే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదలు.