ఎండుకొమ్మ మీది గుడ్డు

2006 మార్చి చివర దుమ్ముగూడెం దాటి, అడవి అంచున ఉన్న పోస్టులో దిగాను. పొద్దున పది గంటలు. అప్పటికే హెల్మెట్ కాలుతోంది. ఇసుక బస్తాల గోడ, టెంట్లు, ఒక వాచ్ టవర్, ఎదురుగా ఆకు రాల్చిన ఇప్పచెట్టు. మహిళా జవాన్లం ఇద్దరమే. నాది వైర్‌లెస్ డ్యూటీ.

చెట్టు మీద ఒక బూడిద రంగు పిట్ట తిరిగేది. కొడవలి రెక్కలు చూసి, ఎప్పుడూ గాల్లోనే తిరిగే స్విఫ్ట్ పిట్ట అనుకున్నాను. కానీ కిట్ అడుగున దాచుకున్న పక్షుల పుస్తకం ప్రకారం మామూలు స్విఫ్ట్ కొమ్మ మీద వాలనే వాలదు. ఇది వాలింది. వాలగానే నుదుటి మీద కుచ్చు లేచింది. తోక పాయలు రెండూ కలిసి సూదిలా ఒకటయ్యాయి. మగదాని చెంప ఇటుక రంగు. క్రెస్టెడ్ ట్రీ స్విఫ్ట్. డైరీలో రాసి కింద గీత గీశాను.

టవర్ ఎక్కి చూస్తే గూడు కనిపించింది. ఎండుకొమ్మకు బెరడు పొరలతో అతికించినది, చెంచాలో పట్టేంత. ఒకే గుడ్డు.

సెంట్రీ కొత్తగూడెం అమ్మాయి. బైనాక్యులర్ ఇచ్చాను. "గది పిట్టనా? కొమ్మకు బుడిపె అనుకున్ననే!" అంది.

మర్నాడు పోస్ట్ కమాండర్ ఆర్డర్ వచ్చింది. ఆ కొమ్మ వాగు దారి కనపడకుండా అడ్డొస్తోంది, మధ్యాహ్నం రెండింటికి కొట్టేయాలి.

సార్ టెంటు పక్కనే. ఎదుటికి వెళ్తే నాకు నోరు పెగలదు. సెట్టు ముందైతే గొంతు తడబడదు. హ్యాండ్‌సెట్ తీశాను. సెట్టులో నేను కంట్రోల్, సార్ టైగర్.

"కంట్రోల్ కాలింగ్ టైగర్. కొమ్మ కొట్టొద్దని మనవి. గూట్లో గుడ్డుంది. ఓవర్."

గరగర. పక్క పోస్టులన్నీ అదే చానెల్ వింటాయని అప్పుడు గుర్తొచ్చింది.

"మాకో ఆమ్లెట్ పంపుండ్రి. ఓవర్," అన్నాడెవరో.

సార్ బయటికి వచ్చారు. "ఏందమ్మా, పక్క టెంట్ల ఉండి వైర్‌లెస్‌ల పిలుస్తవా? అందరు నవ్వవట్టిరి." బైనాక్యులర్ తీసుకుని చాలాసేపు పైకి చూశారు. "సరే, కొమ్మ ఉంటది. గానీ దారి కనవడాలె. పిల్ల ఎగిరేదాంక పగటిపూట చెట్టు కింద కాపలా నీదే."

"సరే సార్," అన్నాను. ఎదురుగా నిలబడే.

పైన అది, కింద నేను. ఎండ ముదిరితే అది గుడ్డు మీద కూర్చునేది కాదు, నిలబడేది. పొట్ట ఈకలు విప్పి నీడ పట్టేది. పిల్ల బయటపడ్డాక ఆమ్లెట్ గొంతే రోజూ సెట్టులో అడిగేది: "కంట్రోల్, మన పిల్ల ఎట్లున్నది? ఓవర్."

ఒక పొద్దున కొమ్మ మీద ఎవరూ లేరు. గొడ్డలి తెప్పించాక కూడా సార్ ఇంకోసారి పైకి చూసి, "పక్కా పోయిందా?" అని అడిగారు.

తొలకరిలో భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి ఖమ్మం వచ్చేశాను. ఆ ఉద్యోగం వదిలి రెండేళ్లయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంట్లో కిటికీ తెర దించుతుంటే ప్రతిసారీ అదే కనిపిస్తుంది: ఎండుకొమ్మ మీద నోరు తెరిచి రొప్పుతూ, కదలకుండా నిలబడ్డ పిట్ట, దాని కాళ్ల దగ్గర, ఆ కాస్త నీడలో, లేత నీలి గుడ్డు.