తాతగారి పేరు పెట్టవలసిన గల్లీ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరమూ ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళం కాదు. దారి తప్పితే దారి అడగం, పెళ్ళి భోజనంలో రెండోసారి పప్పు అడగం, నల్లా రాకపోతే ఎందుకు రాలేదని అడగం. "మనం అడుగం బిడ్డా, మనల్ని అడుగుతరు" అని మా నాయనమ్మ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూ వచ్చింది. మమ్మల్ని అడిగేవాళ్ళు కూడా అప్పటికి ఎవరూ మిగల్లేదన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు (ఆమె అడగలేదు కనుక).

అమీర్‌పేట నుంచి పంజగుట్టకు పోయే రోడ్డుకు వెనకవైపున ఒకప్పుడు మా తాతగారి దేవిడి ఉండేది. దేవిడి చుట్టూ మామిడితోట, తోటలో బావి, వాకిట్లో రెండు గుర్రాలు. నేను పుట్టేసరికి గుర్రాలు లేవు, నడక నేర్చేసరికి తోట లేదు, బడిలో చేరేసరికి బావిని మట్టితో పూడ్చేశారు. నాకు పని చేసే వయసు వచ్చేనాటికి దేవిడి ఉన్న చోట కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే అమ్మాయిల కోసం నాలుగంతస్తుల హాస్టలు లేచింది. దాని వెనక, ఒకప్పుడు గుర్రాల సామాను పెట్టుకున్న రెండు గదులు మాత్రం ఎవరి కంటికీ ఆనక మాకు మిగిలిపోయాయి. ఆ గదుల్లో నాయనమ్మా, నేనూ, గోడమీద తాతగారూ ఉండేవాళ్ళం. తాతగారు తలపాగా పెట్టుకుని, చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి, హాస్టలు వంటగదిలోంచి వచ్చే సాంబారు వాసనను ఫొటోలోంచే సహించలేనట్టు చూసేవారు. నేను కూడా అలాగే చూడడం నేర్చుకున్నాను. ఇస్త్రీ చొక్కా లేకుండా గల్లీ దాటేవాణ్ణి కాదు. ఇంట్లో తినడానికి ఏముందన్నది వేరే సంగతి, చొక్కాకు మడత నలగకూడదు.

అప్పుడు నాకు దొరికిన ఉద్యోగం ఒక ఉచిత వారపత్రికలో. దాని యజమాని మధురానగర్‌లో ఫ్లెక్సీలు ముద్రించే దుకాణం పెట్టుకున్న కోస్తా మనిషి. మేమంతా ఆయన్ని ఫ్లెక్సీగారు అనేవాళ్ళం. ఎనిమిది పేజీల పత్రికలో ఆరు పేజీలు హాస్టళ్ళ ప్రకటనలు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు. మిగిలిన రెండు పేజీల్లో ఏ గల్లీకి నీళ్ళు ఎప్పుడు వదులుతారు, ఎక్కడ కరెంటు తీస్తారు, చెత్తబండి ఎన్ని రోజులుగా రాలేదు, దోమల మందు ఎప్పుడు కొడతారు అనే వార్తలు. ఆ రెండు పేజీలూ నేనే. "ఏంటండీ, నల్లా రాలేదని రాయడానికి ఇంత సాహిత్యం ఎందుకు? రాలేదు అని రాయండి, చాలు" అని ఫ్లెక్సీగారు నెత్తి కొట్టుకునేవారు. నేను 'జలధార నేడు సైతం దర్శనమీయలేదు' అని రాసి ఉంటాను. మా వంశంలో మొదటిసారి జీతానికి పనిచేసినవాణ్ణి నేనే, ఆ మాట కనీసం నా వాక్యాల్లో తెలియకూడదని నా పట్టుదల.

అటువంటి ఒక వారం, వార్డు ఆఫీసు వాళ్ళు గల్లీలన్నిటికీ కొత్త నీలం బోర్డులు పెడుతున్నారనీ, రికార్డులో పేరు లేని గల్లీకి అక్కడివాళ్ళు ఏ పేరు చెబితే ఆ పేరే రాస్తారనీ తెలిసింది. మా గల్లీకి రికార్డులో పేరు లేదు. ఆ సంగతి చెప్పగానే నాయనమ్మ తాతగారి ఫొటో వైపు చూసి, "తోట పోయె, బాయి పోయె. పేరన్న ఉంటదా బిడ్డా?" అంది. ఆమె నోట నేను విన్న మొదటి ప్రశ్న అది. ఆ క్షణంలో నేను నిశ్చయించుకున్నాను, ఆ బోర్డు మీద మా తాతగారి పేరు తప్ప మరొకటి ఉండడానికి వీల్లేదని.

అయితే మేము అడగం కదా. మా తాతగారి పేరు పెట్టండని మేమే అడిగితే అది ముష్టి అవుతుంది, జనం అడిగితే గౌరవం అవుతుంది. అందుకని పత్రికలో 'మన గల్లీకి ఏ పేరు? మీరే చెప్పండి' అని పెద్దక్షరాలతో వేసి, గల్లీ మొదట్లో ఉన్న మిర్చిబండి పక్కన తాళం వేసిన రేకుపెట్టె పెట్టించాను. ఆ బండి నడిపే పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం బోరబండ నుంచి వచ్చేది. గల్లీ అంతటికీ ఉన్న ఒకే ఒక్క వీధినల్లా ఆ బండి పక్కనే ఉంది, రెండు గంటలకు నీళ్ళు వదిలేవారు. నేను ఆఫీసులో ఉండే వేళ కనుక మా ఇంటికి రెండు బిందెలు ఆ పెద్దమ్మే మోసి ఇచ్చేది. ఒకప్పుడు మా బావి నీళ్ళు తాగిన కుటుంబమై ఉంటుంది, ఆ విశ్వాసం ఇంకా పోలేదు అనుకునేవాణ్ణి. ఆమెను చూసినప్పుడల్లా తల కొద్దిగా పంకించేవాణ్ణి, దేవిడి తరఫున.

పెట్టె చూసి ఆమె, "గిదేంది చిన్నదొరా, హుండీనా?" అంది.

"ప్రజాభిప్రాయ సేకరణ" అన్నాను.

"అట్లనా. మా బండికాడ గుడి గట్టిన్రేమో అనుకున్న."

నాలుగు రోజులు గడిచాక ఆగలేక పెట్టె తెరిచి చూశాను (తాళంచెవి నా దగ్గరే ఉంది, పత్రికా ప్రతినిధిని). యాభైకి పైగా చీటీలున్నాయి. 'నీళ్ళు సన్నగా వస్తున్నాయి, మిర్చిబండి గల్లీ అని పెట్టండి.' 'రెండో అంతస్తుకు నీళ్ళు ఎక్కవు. పేరు మీ ఇష్టం.' 'డ్రైనేజీ పొంగి నల్లా నీళ్ళల్ల కలుస్తున్నది, జర చూడుర్రి.' 'మా హాస్టల్లో సాంబారు మార్చాలి.' జనం దాన్ని ఫిర్యాదుల పెట్టె అనుకున్నారు. పేరు చెప్పినవాళ్ళందరూ ఒకే పేరు చెప్పారు. మా తాతగారి పేరు ఒక్క చీటీలోనూ లేదు. పూర్వం ఈ నేల ఎవరిదో వాళ్ళకు తెలియదని సరిపెట్టుకోవచ్చు గానీ, తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదు. మిరపకాయ బజ్జీ చేతిలో మా వంశం ఓడిపోయింది.

ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఫ్లెక్సీ దుకాణం మూసి ఉన్నప్పుడు లోపల కూర్చుని నలభై చీటీలు రాశాను. ఎడమచేత్తో కొన్ని, ఆకుపచ్చ సిరాతో కొన్ని, వంకరగా కొన్ని, కావాలని కాఫీ మరక చేసి కొన్ని. 'ఈ గల్లీకి వారి పేరు పెట్టుట ఎంతయు సముచితము' అని ఒకటి, 'ఆ మహనీయుల నామధేయమే శరణ్యము' అని మరొకటి. అడగడం తప్పయిన ఇంట్లో పుట్టినవాడికి దొంగచీటీలు రాయడం తప్పనిపించలేదు. ఎంత ఆలోచించినా ఆ లెక్క నాకిప్పటికీ అర్థం కాదు.

మంగళవారం వార్డు ఆఫీసులో పెట్టె తెరిచారు. అక్కడి గుమాస్తాను అందరూ ఠప్పాభాయ్ అనేవారు, ఏ కాగితం మీదైనా ఆయన ముద్ర పడనిదే పని జరగదు కనుక. సాక్షులుగా పత్రిక తరఫున నేను, పెట్టె కాపలా కాసినందుకు మిర్చిబండి పెద్దమ్మ. ఆమె కొంగులో బజ్జీలు కట్టుకొచ్చి ఠప్పాభాయ్ బల్లమీద పెట్టింది. ఆయన ఒకటి తింటూ, చీటీలు ఒక్కొక్కటే పైకి చదవసాగాడు. నీళ్ళు, నీళ్ళు, డ్రైనేజీ, మిర్చిబండి, సాంబారు. తరవాత నా చీటీలు వచ్చాయి. సముచితము. శరణ్యము. ఎనిమిదో చీటీ దగ్గర ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సాబ్, మస్తు ఏండ్లసంది గీ కుర్సీల కూసున్న" అన్నాడు నెమ్మదిగా. "మీ గల్లీకెల్లి నీళ్ళ లొల్లి లేకుంట ఒక్క కాయితం రాలె నాకు. పెండ్లిపత్రిక ఇచ్చినా కింద నల్లా సంగతి రాస్తరు. గీ చీటీలు జూడుర్రి, ఒక్కదాంట్ల సుత నీళ్ళ ముచ్చట లేదు. దూప గానోళ్ళు ఎవరు సాబ్ మీ గల్లీల, గింతమంది?"

నా మెడ వెనక చెమట చొక్కా కాలరులోకి దిగడం తెలుస్తూనే ఉంది. ఫిర్యాదు చేయడం మా ఇంటా వంటా లేదు. నలభై మంది జనాన్ని పుట్టించాను గానీ వాళ్ళందరినీ మా ఇంటి మనుషుల్లాగే, దాహం వేసినా నోరు విప్పనివాళ్ళుగా పుట్టించాను.

పెద్దమ్మ నా వైపు ఒకసారి చూసి, "గాళ్ళు పాతకాలపోళ్ళుంటరు భాయ్. గాలి దిని బతుకుతరు" అంది.

ఠప్పాభాయ్ నవ్వలేదు. నా నలభై చీటీలనూ ఏరి, చేతిరుమాలులాగా మడిచి, సొరుగులో పెట్టి మూశాడు. ఎవరికీ చెప్పనని అనలేదు, చెప్పలేదు కూడా. తిట్టినా బాగుండేది. ఒక గుమాస్తా నా మీద జాలిపడ్డాడన్న సంగతి తాతగారి ఫొటోకు ఎలా చెప్పాలో నాకు తోచలేదు.

చివరికి ఇంకొక చీటీ మిగిలింది. నేను పెట్టె తెరిచి చూసిన తరవాత ఎప్పుడో వేసింది. ఆడపిల్ల గుండ్రటి చేతిరాత. ఠప్పాభాయ్ చదివాడు. 'మిర్చిబండి గల్లీ అనే పెట్టుర్రి. పేరు ఏదైతేంది. మా గడపకాడికి ఒక నల్లా గావాలె. నాకు మోయ చాతగాదు, ఒకళ్ళతోని మోయించుకుంటున్న. ఎన్నడు ఎవల్ని అడుగలె, గీ ఒక్కసారి అడుగుతున్న. ఇట్లు, హాస్టల్ ఎనక రెండు రూములల్ల ఉండే దేవిడి ముసలామె.'

చదవడం అయ్యాక ఠప్పాభాయ్ ఆ చీటీ మీద ముద్ర కొట్టి, వేరుగా పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దమ్మ నా పక్కనే నడిచింది. "ఆమె మీద కోపం జేయకు చిన్నదొరా. హాస్టల్ పిల్లతోని నేనే రాయించిన. చెప్పింది ఆమెనే."

"నువ్వు నీళ్ళు మోస్తున్నావుగా. ఆవిడకేం తక్కువైంది?" అన్నాను.

"నేను ఉత్తగనే మోస్తున్ననా? రోజు గిన్నెడు మిరపకాయలు చీరిస్తది గదా, గింజలు దీసి. ఉత్తగ తీసుకోదు ఆమె, మస్తు పౌరుషం. చేతులు మండుతయి, మజ్జిగల ముంచుకుంటది. నువ్వు సూడలేదా?"

చూశాను. సాయంత్రం నేను వచ్చేసరికి నాయనమ్మ మజ్జిగ గిన్నెలో వేళ్ళు ముంచుకుని కూర్చునేది. పూజ చేసి చేసి వేళ్ళకు వేడి చేసిందని చెబితే నమ్మాను. దేవిడి దొరసాని మిర్చిబండికి కాయలు చీరి నీళ్ళు తెచ్చుకుంటుంటే, నేను ఆ బండామెకు తల పంకించి పోతున్నాను. పేరన్న ఉంటదా అని నాయనమ్మ అడిగిన మాటనే నేను పట్టుకున్నాను. ఆమె చేతుల వంక చూసి ఉంటే ఇంకో మాట కూడా వినపడేదేమో.

ఆ సాయంత్రం నాయనమ్మను నేను ఏమీ అడగలేదు. మా ఇంట్లో అడగం. మర్నాడు సెలవు పెట్టి, రెండు గంటలకు బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోయాను. ఇస్త్రీ చొక్కాతోనే పోయాను. నన్ను చూసి జనం పక్కకు తప్పుకుంటారేమోనని ఎక్కడో ఒక మూల అనుకున్నాను కాబోలు, నేరుగా ముందుకు నడిచాను. హాస్టలు వంటమనిషి బిందె అడ్డం పెట్టి, "లైన్ల నిలవడన్నా. ఎనకకు వో" అన్నాడు. నిలబడ్డాను. చొక్కా ముందువైపంతా తడిసింది. బండి వెనకనుంచి పెద్దమ్మ చూసి, "పానీ పడ్డది చిన్నదొరా, ఇగ నువ్వు సుత గల్లీ మనిషివే" అంది. ఆ మాటకు సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

నెల తిరగక ముందే ఇద్దరు మనుషులు వచ్చి, గోతి తవ్వి, మా గడప దగ్గర నల్లా పెట్టి వెళ్ళారు. గల్లీలో అన్నేళ్ళుగా అరిచినవాళ్ళ పైపుల్లో నీళ్ళు అలాగే సన్నగా వస్తుంటే, జన్మలో ఒక్కసారి అడిగిన ముసలామెకు మాత్రం వెంటనే నల్లా వచ్చింది. ఠప్పాభాయ్ దగ్గరికి పోయి కృతజ్ఞత చెప్పాలనుకుని చెప్పలేకపోయాను. ఆ సొరుగు గుర్తొచ్చేది. నాయనమ్మ నల్లా తిప్పి, ధార కింద వేళ్ళు పెట్టి చాలాసేపు ఉంది. "సల్లగున్నయి బిడ్డా" అంది. అంతే. తాతగారి పేరు మాట మళ్ళీ ఎత్తలేదు. నీలం బోర్డు వచ్చింది, దానిమీద 'మిర్చిబండి గల్లీ' అని ఉంది, ఆ వార్త పత్రికలో నేనే రాశాను, ఒకటిన్నర వాక్యంలో. ఫ్లెక్సీగారు చదివి, "ఇదీ రాయడమంటే. ఇప్పటికి నేర్చుకున్నారండీ" అని మెచ్చుకున్నారు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. మెట్రో స్తంభాలు లేచే రోజుల్లో బండి ఎటో పోయింది, దానితో పెద్దమ్మా పోయింది. బజ్జీలు లేని గల్లీకి పేరు మాత్రం ఉంది. అన్నం తెచ్చే కుర్రాడు ఫోన్ చేసి ఎక్కడ సార్ అంటే, ఆ పేరు చెప్పుకోవలసినవాణ్ణి నేనే. మొదట్లో హాస్టలు వెనక అని తప్పించుకునేవాణ్ణి, ఇప్పుడు అలవాటైంది. నాకు చొక్కా ఇస్త్రీ అలవాటు పోలేదు, అడగని అలవాటు కూడా పూర్తిగా పోలేదు.

మొన్న వేసవిలో మా నల్లా మూడు రోజులు ఆగిపోయింది. ఫోనులోనే ఫిర్యాదు చేయవచ్చని హాస్టలు పిల్ల ఒకతె చూపించింది. పేరు రాసే గడిలో మా ఇంటి పేరంతా పట్టలేదు, తాతగారి బిరుదు దగ్గర తెగిపోయింది. సరే అనుకుని చిరునామాలో మిర్చిబండి గల్లీ అని రాశాను. చివర, చెప్పదలచుకున్నది రాయండి అని ఒక ఖాళీ గడి ఉంది. సముచితము అని మొదలుపెట్టి ఒక వాక్యం రాసేసరికి, మూసిన దుకాణంలో ఆకుపచ్చ సిరాతో వంకరగా రాసుకుంటూ కూర్చున్న ఆ ఇస్త్రీ చొక్కా కుర్రవాడు కళ్ళముందుకు వచ్చాడు. నవ్వొచ్చింది, వాడి మీద కొంచెం జాలి కూడా వేసింది. ఉన్నదంతా చెరిపేసి, 'దూప అవుతున్నది' అని రాసి పంపాను.