పెడనలో మా బావ దిద్దిన అక్షరాలు

ఇవాళ పొద్దున బందరులో ఇడ్లీ పొట్లం కోసం నిలబడి ఫోను చూసుకుంటుంటే, ఆ చిన్న తెర మీద, పేజీకి అన్నిటికంటే పైన, మా బావ పేరు కనిపించింది. కొట్టు ఆయన రెండుసార్లు పిలిచినా నాకు వినపడలేదట. పాతికేళ్ళుగా అక్కడ ఉండవలసిన పేరు అది. లేకపోవడానికి కారణం నేను.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్లు కొత్తగా తెలుగు నేర్చుకుంటున్న రోజుల్లో మన అక్షరాలు ఎంత అవస్థ పడేవో, వత్తులు పక్కకు జరిగిపోయి, గుడులు ఎగిరిపోయి, ఒక్కోసారి అక్షరాల చోట ఉత్త గళ్ళు మిగిలేవి. ఎక్కడ ఏది చెదురుతుందో ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ముందే చెప్పే పనిముట్టు ఒకటి, పెడనలో మా బావ నడిపే డీటీపీ షాపులో, ఆదివారాలు కూర్చుని ఇద్దరం రాశాం. గుణింతాల భాగం నాది, వత్తుల భాగం బావది. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, దిద్దొచ్చు అని, పేజీ పైన ఇద్దరి పేర్లూ రాసి నెట్‌లో పెట్టేశాం.

తరవాత నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆ కంపెనీ వాళ్ళు దీన్ని తమ పేరు మీదకు తీసుకుంటామని, ఇంకెవరైనా రాశారా అని కాగితం మీద అడిగారు. ఎవరూ లేరని సంతకం పెట్టాను. పెద్ద చదువులు చదివిన ఆ మనుషుల ముందు, పెళ్ళి కార్డులు కంపోజు చేసే మా అక్క మొగుడు కూడా రాశాడని చెప్పడం నాకు నామోషీ అయింది. ఆ సాయంత్రమే పేజీ మీది బావ పేరు నా చేత్తో నేనే తీసేశాను. బావకు మాత్రం కంపెనీ తీసుకుందని చెప్పి ఊరుకున్నాను.

"ఇకనించి కూడా అందరూ దిద్దొచ్చుగా?" అన్నాడు.

"దిద్దొచ్చు బావా."

"ఇంకేం మరి!"

ఆయన అలా అనడానికి ఒక కారణముంది. వాళ్ళ నాన్నగారు కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవారు. అచ్చు అద్దకందార్ల సొంతమైపోయాక కూడా, అంచు అరిగినప్పుడల్లా వాళ్ళు దాన్ని వెనక్కి తెచ్చేవారు, ఏమీ పుచ్చుకోకుండా ఆయనే మళ్ళీ పదును చేసి ఇచ్చేవారు. చెక్కిన చెయ్యి తప్ప వేరే చెయ్యి దాన్ని ముట్టుకోకూడదని ఆ ఇంటి పట్టుదల. మా బావ కంపెనీని కూడా అద్దకందారే అనుకున్నాడు. ఏళ్ళ తరబడి పొద్దున్నే షాపు తెరవకముందు కూర్చుని, ఎక్కడెక్కడి వాళ్ళో రాసిన ఫిర్యాదులన్నీ చదివి, వత్తులవి దిద్ది పంపేవాడు. నేను ఏసీ గదిలో కూర్చుని వాటిని ఒప్పుకున్నట్టు ఒక బటన్ నొక్కేవాణ్ణి. అందుకే నాకు ప్రమోషన్లు వచ్చాయి.

మా అక్కకు మాత్రం అన్నీ తెలుసు. పండగకు వెళ్తే, అందరి ముందూ, "నీ పేరు పెద్దక్షరాల్లో ఉందంట కదరా తమ్ముడూ, మా ఆయన పేరు ఏ మూలనుందో కాస్త చూపెట్టు, కళ్ళజోడు తెచ్చుకుంటాను" అనేది. నేను నవ్వేసి పులిహోర అడిగేవాణ్ణి.

నేను రిటైరై బందరు చేరాక కంపెనీ ఆ పనిముట్టుకు తలుపులు మూసేసింది, ఇకమీదట లోపల ఏముందో ఎవరికీ చూపించేది లేదంది. అయితే అంతకుముందు బయట పెట్టింది వెనక్కి లాక్కోలేరు కదా, వాడుకునేవాళ్ళందరూ ఆ పాత ప్రతినే తీసుకుని, ఇంకో పేరు పెట్టి, దీన్ని ఎవరు చూసుకుంటారని వెతికారు. ప్రతి దిద్దుబాటు కిందా దిద్దినవాడి పేరు దానంతటదే పడి ఉంటుంది. నేను పైపేజీ చెరిపానే గాని ఆ సంగతి తలుచుకోలేదు. వేల దిద్దుబాట్ల కింద ఒకటే పేరు. ఇకమీదట మీరే చూసుకోవాలని వాళ్ళంతా కలిసి మా బావకు ఉత్తరం రాశారు.

ఆ సంగతి తెలిసిన రోజే పెడన బస్సెక్కాను. షాపులో బల్ల ముందు నిలబడి, పెట్టిన సంతకం, చెరిపిన పేరు, అన్నీ చెప్పేశాను. బావ కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"తెలుసులేరా. రోజూ ఆ పేజీ చూసేవాణ్ణి, నా పేరు లేకపోతే నాకు తెలీదా?"

"మరి అడగలేదేం బావా?"

"అడిగితే నువ్వు పెడన రావడం మానేస్తావు. మీ అక్క నన్ను బతకనిస్తదా?"

క్షమించమని అనబోతే చెయ్యి అడ్డంపెట్టి, తెర నావైపు తిప్పాడు. "గుణింతాల్లో మూడు ఫిర్యాదులు పడున్నాయి, చాలా కాలమైంది. అవి నువ్వు చెక్కినవి. నేను ముట్టుకోను."

అందుకని ఈ వయసులో బందరులో కూర్చుని, మరిచిపోయిన విద్య మళ్ళీ నేర్చుకుంటూ ఆ మూడూ దిద్దాను. మూడోది రెండుసార్లు వెనక్కి పంపాడు బావ. ఇప్పుడు పెడనలో అరిగిన అచ్చు పట్టుకుని పాత ఇంటి గడప తొక్కేవాళ్ళు తగ్గిపోయారు, కొత్తది తెప్పించుకోవడమే తేలిక. చెక్కిన చేతులు కూడా ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. ఒకప్పుడు పేజీ పైన నా పేరు చూసుకుని మురిసిపోయిన నేను, ఇవాళ మా బావ పేరు చూసుకుని అంతకు పదింతలు గర్వపడుతూ, వేల దిద్దుబాట్ల అడుగున సన్నక్షరాల్లో ఉన్న నా మూడు వరసలూ వెతుక్కుంటున్నాను. ఇడ్లీ చల్లారిపోయింది.