హోల్ట్ లేక్‌లో ఏడుగంటల ముచ్చట

హోల్ట్ లేక్‌లో ఎర్లింగ్ హౌగెన్ చేతికి తల అప్పగించని మగవాడు లేడు. పెద్దవీధిలో సెలూన్, దాని వెనకే ఇల్లు. కత్తెర ఆడుతుంటే నోరు ఆడేది కాదు. అలాంటి మనిషి ఊరందరికీ శత్రువయ్యాడంటే చిత్రమే, కానీ అయ్యాడు.

సెలూన్ వెనక గదిలో అతనికొక రేడియో ఉండేది. వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. సర్కారు పరీక్ష పెట్టి ఇచ్చిన లైసెన్సు గోడకి వేలాడేది. పెరట్లో పొడుగాటి స్తంభం, దాని మీంచి ఓ తీగ. దేశమంతా అలాంటి పిచ్చివాళ్ళు వేలల్లో ఉన్నారు, వాళ్ళతో కబుర్లాడటం ఓ సరదా. కానీ ఎర్లింగ్ రేడియో పెట్టింది సరదాకి కాదు, తమ్ముడి కోసం.

తమ్ముడు టొర్వాల్డ్ పక్క రాష్ట్రం డకోటాలో ఓ ధాన్యం గిడ్డంగిలో పనిచేసేవాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. పుట్టుకతో నత్తి. అదేదో ఒకటి రెండు అక్షరాల దగ్గర ఆగే నత్తి కాదు, గొంతు పట్టేసి, మెడనరాలు ఉబ్బి, ఎదుటివాడే తలతిప్పుకునే నత్తి. బళ్ళో పిల్లలు నవ్వారు, ఒకరోజు మేష్టారూ నవ్వాడు. ఆ రోజుతో వాడు నోరు కట్టేసుకున్నాడు. పెద్దయ్యాక అన్నదమ్ములిద్దరూ రేడియోలో, టెలిగ్రాఫు వాళ్ళలా మీట నొక్కి చుక్కలూ గీతలుగా మాట్లాడటం నేర్చుకున్నారు. అప్పటిగ్గానీ ఎర్లింగ్‌కి తెలియలేదు, తన తమ్ముడు ఎంత వాగుడుకాయో! మీట మీద వేలుపడితే చాలు, జోకులు, వెక్కిరింతలు, గిడ్డంగి మేనేజరు మీద చాడీలు. రోజూ సాయంత్రం ఏడు నుంచి ఏడున్నర దాకా. రోజు మొత్తంలో టొర్వాల్డ్ ఆడే మాటలు అవే.

అంతలో ఊళ్ళోకి టెలివిజన్ దిగింది. స్టేషనేమో ఎక్కడో పెద్ద పట్నంలో. బొమ్మ ఇక్కడికి చేరేసరికి సగం మంచుతుఫానులా ఉండేది. ఆ మిగిలిన సగం మీద, ఏడు గంటలయ్యేసరికి, చేపముల్లు గీతలు పడేవి. అవి ఎర్లింగ్ మీటవల్లే. అతనా మాట దాచలేదు కూడా. ఆ గీతల్ని ఆపే చిన్న వడపోత డబ్బీలు తనే తయారుచేసి, ఒక్కో ఇంటికీ వెళ్ళి టీవీ వెనక బిగిస్తానని బయల్దేరాడు.

అక్కడే కాలు జారింది. రేడియో మిత్రులు ముందే చెప్పారు: "ఒరే బాబూ, ఏమైనా చెయ్యి గానీ పక్కింటి టీవీ వెనక వేలు పెట్టకు. పెట్టావా, ఆ పెట్టెకి జలుబు చేసినా పూచీ నీదే." వింటేగా! మొదట మేయరు క్లిఫర్డ్ నాస్ ఇంటికే వెళ్ళాడు. డబ్బీ బిగించాడు, గీతలు పోయాయి. మేయరు భార్య కాఫీ ఇచ్చింది, వెన్న రాసిన బంగాళాదుంప రొట్టె పెట్టింది. రెండు నెలలకి ఆ టీవీ బొమ్మగొట్టం దానంతటదే కాలిపోయింది.

"మొన్న ఎర్లింగొచ్చి వెనకాల ఏదో కెలికాడుగా, అందుకే!" అందావిడ.

ఇక చూడండి తమాషా! ఊళ్ళో ఏ టీవీ తుమ్మినా ఎర్లింగే. చలికి తీగ తెగితే ఎర్లింగ్, పిల్లాడు మర తిప్పి పాడుచేస్తే ఎర్లింగ్. అతను చర్చిలో పాట సాధనకి వెళ్ళిన రోజున కూడా ఎదురింటి సెల్మా రుస్టాడ్ కిటికీలోంచి అతని స్తంభం చూసి, "అదిగో, మళ్ళీ మొదలెట్టాడు మహానుభావుడు!" అని అప్పుడే ఇంటికొచ్చిన మొగుడితో అంది. ఎర్లింగ్ అంతదాకా చర్చిలో ఆ మొగుడి పక్కనే నిలబడి కీర్తన పాడాడు. మొగుడు గిల్మన్ మాత్రం నోరు విప్పితే ఒట్టు.

కౌన్సిలుకిచ్చిన ఫిర్యాదు మీద మొదటి సంతకం సెల్మాదే. ఊరి కౌన్సిలు చట్టం చేసేసింది: సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా ఊరి పొలిమేరలో ఎవరూ రేడియోలో మాట్లాడకూడదు, ఎవరైనా ఫిర్యాదు చేస్తే జరిమానా.

"ఊరి కౌన్సిలుకి ఆ అధికారమెక్కడిది? కోర్టుకెళ్ళు, గెలుస్తావు" అన్నారు రేడియో మిత్రులు.

"గెలిచి ఏం చేసుకోను? మర్నాడు మళ్ళీ నా కుర్చీలో కూర్చునేది వాళ్ళేగా" అన్నాడు ఎర్లింగ్.

పోనీ వేళ మార్చుకుందామంటే కుదర్లేదు. టొర్వాల్డ్ తెల్లారకముందే పనిలోకి దిగేవాడు, ఇంటికొచ్చి తిని పెందలాడే పడుకునేవాడు. చివరి సాయంత్రం సంగతి చెబితే, "పోన్లే అన్నయ్యా, బొమ్మలు చూసుకోనీ పాపం. నువ్వు వింటావుగా, నేను చెబుతుంటాలే" అన్నాడు. వినడానికి చట్టం అడ్డు లేదు కదా.

అలాగే సాగింది. ఏడు కాగానే ఎర్లింగ్ వెనక గదిలో కూర్చునేవాడు. డకోటా నుంచి తమ్ముడి మాటలు వచ్చేవి. ఇతను మీట ముట్టుకోకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని వినేవాడు. మొదట్లో అరగంటా వచ్చేవి. ఎదుటివాడు ఊఁ కొట్టకపోతే ఎంతసేపని చెబుతాడు మనిషి? అరగంట కాస్తా పావుగంటయింది. తర్వాత "ఉన్నావా అన్నయ్యా?" అన్న ఒక్క ముక్క. ఆ ముక్కకి జవాబివ్వలేక ఎర్లింగ్‌కి ఏడుపొచ్చేది. ఒకరోజు అదీ రాలేదు.

ఆ సాయంత్రమే ఫోను మోగింది.

మా వైపు అప్పట్లో ఏడెనిమిది ఇళ్ళకి కలిపి ఒకటే ఫోను తీగ. ఎవరికి మోగినా అందరూ రిసీవరెత్తి వినేవాళ్ళు. వింటారని అందరికీ తెలుసు. కానీ విన్నట్టు బయటపడకూడదు, మధ్యలో మాట్లాడకూడదు, అదే మర్యాద. తుమ్మొస్తే ముక్కు నొక్కుకునేవాళ్ళు!

ఎర్లింగ్ ఎత్తాడు. అవతల గాలి హోరు. తర్వాత ఊపిరి. తర్వాత, "అ... అ... అన్..."

పుట్టి బుద్ధెరిగాక టొర్వాల్డ్ ఫోను ముట్టుకోలేదు. ఎర్లింగ్ రిసీవరు చెవికి అదుముకున్నాడు. "ఒరేయ్ తమ్ముడూ, నేనేరా! ఏమైంది?"

"బ్... బ్... బా..." గొంతు పట్టేసింది. మళ్ళీ మొదలెట్టాడు, మళ్ళీ పట్టేసింది. తీగ మీద టిక్కు టిక్కుమని రిసీవర్లు దిగిపోతున్నాయి. మిగతావాళ్ళు వినలేక పెట్టేస్తున్నారు. వేలితో తట్టి చెప్పరా అందామని ఎర్లింగ్ నోరు తెరిచేలోగా తీగ మీద ఇంకో గొంతు పలికింది. ఆడగొంతు.

"నెమ్మదిగా చెప్పు నాయనా. తొందరేం లేదు."

సెల్మా!

అవతల ఫోను ఠక్కున పడిపోయింది.

కాసేపటికి ఆవిడ శాలువా అయినా లేకుండా ఆ మంచులో వీధి దాటి వచ్చి తలుపు బాదింది. మొహం జేవురించి ఉంది.

"అతనెవరు?"

"నా తమ్ముడు."

"రోజూ నువ్వు ఏడింటికి టకటకలాడేది..."

"వాడితోనే. వాడికి వేరే మాట్లాడే దారి లేదు సెల్మా గారూ."

"ఆ మాట ముందే ఏడవచ్చుగా! నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

"వాడి నత్తి గురించి ఊళ్ళో చాటుకోమంటారా?"

ఆవిడ ఏప్రన్ అంచు నలిపింది. "నేనే తగలడ్డాను మధ్యలో. భయపెట్టేశాను పిల్లాణ్ణి. ఇప్పుడు ఆ రేడియో పెట్టె దగ్గర ఉంటాడా?"

"ఉండొచ్చు."

"అయితే పెట్టు."

"చట్టం..."

"ఎవరో ఒకరు ఫిర్యాదు చెయ్యాలిగా చట్టానికి? చేసేదాన్ని ఇక్కడే ఉన్నా. ఎవరైనా నోరెత్తితే వాళ్ళ సంగతి నేను చూసుకుంటా. పెట్టవయ్యా!"

ఎర్లింగ్ మీట నొక్కాడు. తమ్ముడి పేరు, తన పేరు. మళ్ళీ. మళ్ళీ. గదిలో గరగర తప్ప ఏం లేదు. సెల్మా పెట్టె మీదికి వంగింది.

వచ్చింది జవాబు! వర్షం పడ్డట్టు వచ్చింది. ఎర్లింగ్ వింటూ కళ్ళు తుడుచుకున్నాడు, మధ్యలో ఫక్కున నవ్వాడు. వీధికి అవతల్నుంచి గిల్మన్ కేకేస్తున్నాడు, "సెల్మా! మళ్ళీ గీతలొస్తున్నాయే!"

"కట్టేసి పడుకో!" అని ఇక్కణ్ణుంచే అరిచింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఏమంటున్నాడు?"

"బాగున్నావా అని అడగడానికి ఫోను చేశాట్ట. అంతే."

"ఇంకా ఏదో అంటున్నాడే, అంత గబగబా?"

"మిమ్మల్ని తిడుతున్నాడు" అన్నాడు ఎర్లింగ్, నసుగుతూ. "కాస్త ఘాటుగానే."

"తిట్టనీ" అంది సెల్మా, గోడవారనున్న కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఎన్నాళ్ళనుంచి దాచుకున్నాడో పాపం. మొత్తం తిట్టనీ."