వైరు లేని లైను

అబిడ్స్‌లో మా మేనత్తకు పెళ్లికార్డుల ప్రెస్సు ఉంది. ఎవరి కార్డయినా మొదటిది తీసి, మూలలకు పసుపు పెట్టి, దేవుడి పటం ముందు ఉంచాకే మిగతావి అచ్చుకు వెళ్తాయి. ఆ పసుపు అత్తే పెట్టేది. మామయ్య పోయాక ముట్టడం మానేసింది, పనివాళ్లు పెడుతున్నారు.

ఆరోజు అచ్చు కావాల్సింది మా వదిన కార్డు, అంటే అత్త కూతురిది. మధ్యాహ్నం దాటితే మంచి ఘడియ లేదు. తీరా చూస్తే కార్డులు కూర్చే ప్రోగ్రాం తెరుచుకోదు!

"నెట్టు మంచిగనే వస్తుంది కదనే, దీనికేం రోగం?" అని అత్త నెత్తి పట్టుకుంది.

నాకు మాత్రం తమాషాగా అనిపించింది. లోకంలో ఉన్న సైట్లన్నీ తెరుచుకుంటున్నాయి, ఇదొక్కటే సర్వర్ దొరకలేదంటోంది. ఎక్కడుందా సర్వర్ అని వెతికితే, ఈ కంప్యూటర్‌లోనే! చిరునామా 127.0.0.1. ప్రతి లినక్స్ డబ్బా తనతో తాను మాట్లాడుకునే దారి అది, లూప్‌బ్యాక్ అంటారు. ఉన్నావా అని అడిగినట్టు ఆ చిరునామాకు పింగ్ కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఇదేమో రచ్చ గెలిచి ఇంట ఓడింది.

"అత్తా, సెట్టింగులు ఎవరన్నా ముట్టిన్రా?"

"నిన్న రౌటర్ పెట్టనీకి ఒకాయన వచ్చిండు. సెట్టింగుల్ల ఉన్న ఏ లైనుకు ఏ వైరో చెప్పమన్న. ఒకదానికి వైరే లేదన్నడు. ఫాల్తూది ఎందుకు, తీసెయ్ అన్న."

అత్త తీరే అంత. నాంపల్లిలో చుట్టాల దుకాణం షార్ట్ సర్క్యూట్‌తో కాలిన దగ్గర్నుంచి, వాడని వైరు కనబడితే కత్తెర పడాల్సిందే. నవ్వు ఆపుకుని, నెట్‌వర్క్ సెట్టింగుల ఫైల్లో ఆయన తీసేసిన లూప్‌బ్యాక్ లైన్లు మళ్లీ రాశాను. లూప్‌బ్యాక్‌ను లేపి పింగ్ కొడితే వెంటనే పలికింది. నువ్వు తీయించిన లైను ఇదేనని అత్తకు చూపించాను.

"వైరు లేంది ఎవలతోని మాట్లాడతది?"

"తనతోనే అత్తా."

"గదో పనా!"

ఘడియ దాటకముందే మొదటి కార్డు వచ్చింది. అత్త దాన్ని తనివితీరా చూసి, పసుపు గిన్నెను కూతురి వైపు జరిపింది. వదిన మూలలకు పసుపు పెట్టింది కానీ పటం దగ్గరికి పోలేదు. తల్లి ముందు నిలబడి రెండు చేతులా కార్డు చాపింది.

"అమ్మా, నా పెండ్లికి రావాలె."

"నన్ను పిలుసుడేందే? ఇంట్ల మనిషినే గద!" అంటూనే అత్త కొంగుకు చేతులు తుడుచుకుని అందుకుంది. తడి పసుపు ఆమె వేళ్లకు అంటింది. ఈసారి తుడుచుకోలేదు.